ఇద్దరికీ ఒకేసారి సెలవు

సీసాల ఫ్యాక్టరీలో ఆవిణ్ణి అందరూ డేగక్క అనేవారు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. కొలిమిలోంచి వచ్చి చల్లారిన సీసాలు రబ్బరు పట్టా మీద వరసగా నడిచొస్తుంటాయి. వాటి వెనక తెల్లటి దీపం పలక వెలుగుతుంటుంది. దాని ముందు స్టూలు మీద కూర్చుని పగిలినదాన్నీ, బుడగ పడ్డదాన్నీ, మూతి వంకరపోయినదాన్నీ ఏరి పక్కనున్న తొట్టిలో పడేయడం ఆవిడ పని. నిమిషానికి అరవై సీసాలు. వెంట్రుకవాసి పగులైనా సరే, ఆ కళ్లు దాటి వెళ్లేది కాదు. ఆ స్టూలు మీద ఇరవై రెండేళ్లు కూర్చుంది.

ఆవిడ భర్త అదే ఫ్యాక్టరీలో కొలిమి మేస్త్రీ. ఆయనది రాత్రి డ్యూటీ, ఆవిడది పగటి డ్యూటీ. ఓవర్‌టైముతో కలిపి ఇద్దరికీ పన్నెండేసి గంటలు. పొద్దున్న ఆరింటికి ఆయన గేటులోంచి బయటికి వచ్చే వేళకి ఆవిడ లోపలికి వెళుతుంటుంది. సాయంత్రం ఆరింటికి ఆవిడ బయటికి వచ్చే వేళకి ఆయన లోపలికి వెళుతుంటాడు. గేటు పక్కన కుళాయి దగ్గర రెండు నిమిషాలు ఆగి ఇంటి తాళంచెవి చేతులు మార్చుకునేవారు. దానితోపాటు ముఖ్యమైన సంగతులు నాలుగు. చిన్నవాడికి జ్వరం తగ్గింది. గ్యాసు అయిపోవచ్చింది. పెద్దదాని స్కూల్లో సంతకం పెట్టి రావాలి. నీళ్లు పట్టి పెట్టాను.

వారపు సెలవులు కూడా కలిసేవి కావు. ఆవిడకి ఆదివారం, ఆయనకి బుధవారం. ఆదివారం పగలంతా ఆయన నిద్రపోతాడు, పొద్దువాలాక లేచి డ్యూటీకి వెళ్లిపోతాడు. బుధవారం సాయంత్రం ఒక్కటే ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే దీపం కింద ఉండేవారు. ఆ పూట ఆవిడకి అన్నం తింటుండగానే కళ్లు మూతలుపడేవి. ఆయనకేమో అప్పుడే తెల్లవారినట్టుండేది.

వెలుగు బల్ల దగ్గర పక్క స్టూలు మీద కూర్చునే ఆమెని వసపిట్ట అనేవారు, నోరు మూతపడేది కాదు గనక. ఆమె ఒకసారి అందరూ వింటుండగా అడిగేసింది, అక్కా, మీ ఇద్దరికీ పిల్లలెలా పుట్టారు, తాళంచెవి ఇచ్చిపుచ్చుకుంటేనేనా అని. బల్ల దగ్గరున్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. డేగక్క కూడా నవ్వింది. నవ్వుతూనే చేతిలో ఉన్న మంచి సీసాని పొరపాటున తొట్టిలో పడేసింది.

ఈ పద్ధతి వాళ్లు కోరి తెచ్చుకున్నదే. పెళ్లయిన నాలుగో ఏటికి ఇద్దరు పిల్లలు. చూసే మనిషి లేరు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి, ఇద్దరి జీతాలూ రావాలి. పిల్లలు కాస్త ఎదిగేదాకా అనుకున్నారు. పిల్లలు ఎదిగేసరికి ఆయన రాత్రి భత్యం మీద వాళ్ల చదువులు నడుస్తున్నాయి. చదువులయ్యేసరికి ఆయన రాత్రి బృందానికి పెద్ద అయ్యాడు. కొలిమి మంట రంగు చూసి లోపల గాజు ఎలా ఉందో చెప్పగలిగిన మనిషి ఇంకొకరు లేరని పగటికి మార్చలేదు. కొలిమి ఆరేది కాదు. ఆరితే లోపలి గాజు గడ్డకట్టి కొలిమి మొత్తం పాడవుతుంది. అందుకని ఫ్యాక్టరీకి తలుపులు మూసే రోజంటూ ఏడాదిలో ఒక్కటీ లేదు.

ఇంక మిగిలింది జీతంతో ఇచ్చే సెలవులు. ఏడాదికి ఇరవై ఒక్క రోజులు. పిల్లలు చిన్నగా ఉన్నన్నాళ్లూ అవి వాళ్ల జ్వరాలకే సరిపోయేవి. తర్వాత ఆవిడ వాటిని చీరల మడతల్లో డబ్బు దాచుకున్నట్టు దాచుకుంది. తలనొప్పి వచ్చినా వెళ్లేది, కాలు బెణికినా కుంటుకుంటూ వెళ్లేది. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికితే ఏదో ఒక ఊళ్లో గది తీసుకుని కొన్నాళ్లు ఉండాలని ఆవిడ కోరిక. ఆ ఊళ్లో చూడాల్సినవి ఏమైనా ఉన్నాయా లేవా అన్నది ఆవిడకి అక్కర్లేదు. పొద్దున్నే ఇద్దరూ ఒకే వేళకి నిద్రలేవాలి. లేచి టీ తాగాలి. అంతే.

ప్రతి ఏడూ ఇద్దరూ సెలవు చీటీలు పెట్టేవారు. ఆవిడది మంజూరైతే ఆయనది తిరిగొచ్చేది. ఆయనది అయితే ఆవిడ బల్ల దగ్గర మనుషులు తక్కువయ్యేవారు. ఒక్క ఏడు మాత్రం రెండూ మంజూరయ్యాయి. సంచులు సర్దుకుని, బస్సు టిక్కెట్లు కొనుక్కుని, ఇంటికి తాళం వేస్తుండగా ఫ్యాక్టరీ నుంచి మనిషి పరుగున వచ్చాడు. కొలిమి గోడ చిట్లింది, మేస్త్రీ ఉన్నపళంగా రావాలి అన్నాడు. ఆయన సంచి గుమ్మంలోనే దించి వెళ్లిపోయాడు. ఆవిడ ఆ వారం రోజులూ ఇంట్లో ఒక్కతే కూర్చుంది. పిల్లలు అప్పటికి హాస్టల్లో ఉన్నారు. ఎనిమిదో రోజున మళ్లీ స్టూలెక్కింది.

తర్వాత పెద్దదానికి పెళ్లయింది, చిన్నవాడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆయన సెలవులన్నీ తన తల్లి మంచాన పడినప్పుడు ఖర్చయిపోయాయి. ఆవిడ సెలవులు మాత్రం అలాగే పేరుకుపోయాయి.

ఒక చలికాలపు పొద్దున, ఆరుకి పది నిమిషాలుందనగా ఆవిడ గేటు దగ్గరికి వచ్చింది. మంచు బాగా పట్టి ఉంది. కుళాయి దగ్గర ఎవరో వంగి మొహం కడుక్కుంటున్నారు. మెడ వెనక జుట్టంతా ముగ్గుబుట్ట. వంగినవాడు నిటారుగా లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. ఎవరి తండ్రో పాపం, ఈ వయసులో రాత్రి డ్యూటీ చేస్తున్నాడు అనుకుంది ఆవిడ. అప్పుడు ఆ మనిషి తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. తన భర్త.

ఆయన మామూలుగానే తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. నీళ్లు పట్టి పెట్టావా అని అడిగాడు. పట్టానని చెప్పిందో లేదో ఆవిడకే గుర్తులేదు. ఆ రోజు బల్ల మీద సీసాలు నడుస్తూనే ఉన్నాయి. సగం పూట గడిచాక సూపర్‌వైజరు వచ్చి, డేగమ్మా, పగిలినవి మూడు దాటిపోయాయి, ఒంట్లో బాగుందా అని అడిగాడు. ఇరవై రెండేళ్లలో అలా అడిగించుకోవడం అదే మొదలు.

బుధవారం సాయంత్రం దాకా ఆవిడ ఆ సంగతి కడుపులోనే దాచుకుంది. ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కొచ్చాక చెప్పింది.

"నేను పని మానేస్తానండీ."

ఆయన తువ్వాలు చేతిలోనే ఉంచుకుని నిలబడ్డాడు. "ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు. మిమ్మల్ని చూసి చాలా రోజులైంది."

"రోజూ రెండుపూటలా చూస్తూనే ఉన్నావుగా."

"ఎదురుపడుతున్నామండీ. చూసుకోవడం ఎక్కడుంది?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. రిటైరవడానికి ఆవిడకి ఇంకా నాలుగేళ్లుంది. పోనీ ఫ్యాక్టరీ లెక్కల ఏడాది ముగిసే జూన్ దాకా అయినా ఆగు, ఏడాది మధ్యలో మానేస్తే ఆ ఏటి సెలవులన్నీ పోతాయని విన్నాను అన్నాడు. ఇప్పటిదాకా విన్నవన్నీ చాలు అంది ఆవిడ. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. రాజీనామా గురించి బెంగ లేదు. ఆ సెలవులు పోతాయన్న మాటే ముల్లులా గుచ్చుకుంది. ఒక్కొక్కటీ ఎలా మిగిల్చిందో ఆవిడకే తెలుసు. పెద్దదాని పురిటికి నాలుగు రోజులుందామని వెళ్లి రెండో రోజునే తిరిగొచ్చింది. సొంత చెల్లెలి పెళ్లికి తలంబ్రాల వేళకి చేరి సాయంత్రం బస్సుకే బయల్దేరింది. ఆ రోజులన్నీ ఎక్కడో భద్రంగా ఉన్నాయనే నమ్మకం మీదే కదా ఇన్నాళ్లూ గడిచింది.

మర్నాడు సూపర్‌వైజరుకి కాగితం ఇస్తే ఆయన కూడా అదే మాట చెప్పాడు. మధ్యలో మానేసేవాళ్లకి ఈ ఏడాది సెలవు ఒక్కటీ రాదమ్మా, ఇంకా ఆరు నెలలు ఓపిక పట్టు అన్నాడు. పనిమంతురాలు పోతుందన్న దిగులు ఆయనది, పాపం. ఆవిడ మధ్యాహ్నం విరామంలో టైమాఫీసుకి వెళ్లింది.

టైమాఫీసు గుమాస్తాని రూల్సుగారు అనేవారు. మంచినీళ్లు అడిగినా రూలు చూసి గాని ఇవ్వడని ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. ఆయన ఆవిడ చెప్పిందంతా విని, అద్దాలు తుడుచుకుని, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తీశాడు. వేలు పెట్టి చదివి, తర్వాత మామూలు మాటల్లో చెప్పాడు.

"నెల పనిచేశారంటే ఒకటీ ముప్పావు రోజు మీదైపోయినట్టేనమ్మా. ఏ నెలలో మానేసినా సరే. నోటీసు నెలతో కలిపి ఏడు నెలలు, పన్నెండుం పావు. ఎవరో చెప్పారని వదిలేసుకోకండి."

పాత ఏళ్లవి కూడబెట్టుకున్నవి నలభై, అంతకు మించి దాచుకోనివ్వరని చెప్పాడు. ఈ ఏడు వాడుకున్నవి రెండు. అవి తీసేస్తే యాభైం పావు రోజులు. మానేసిన వారం లోపల అన్నిటికీ జీతం కట్టి ఇవ్వాలని కూడా పుస్తకంలో ఉంది. ఆ పావు రోజు ఏం చేసుకోను బాబూ అని అడిగింది ఆవిడ. రూల్సుగారు ఎప్పుడూ నవ్వడు, ఆ మాటకి నవ్వాడు. మూడు గంటలమ్మా, మీ ఆయనతో కూర్చుని తీరిగ్గా టీ తాగండి అన్నాడు.

ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చి ఆవిడ ఇంకోటి అడిగింది. నలభైకి మించి దాచుకోనివ్వరన్నారు కదా, మరి ఏటేటా ఆ పైన ఉన్నవి ఏమయ్యాయి అని. ఆయన పాత రిజిస్టరు తిరగేశాడు. ఎనభై ఆరు రోజులు మురిగిపోయాయి. వాటికి ఏమీ రాదా అని అడిగింది. రాదమ్మా, వాటిని అప్పుడే వాడుకుని ఉండాల్సింది అన్నాడు ఆయన, మెల్లగా, రిజిస్టరు మూస్తూ.

ఎనభై ఆరు రోజులు. దాదాపు మూడు నెలలు. ఆవిడ బల్ల దగ్గరికి తిరిగి వస్తూ ఆ మూడు నెలలూ ఎలా ఉండేవో ఊహించుకోబోయింది. ఊహ కూడా అందలేదు. ఇద్దరూ కలిసి పగటిపూట వీధిలో నడుస్తున్నట్టు అనుకుందామంటే ఆయన పక్కన ఏ వైపున నడవడం తనకి అలవాటో కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ మనసు ఇంకో దారిన పోయింది. నోటీసు ఇచ్చాక నెల పనిచేయాలి. ఆ నెలలో సెలవులు వాడుకోవచ్చా అంటే, సూపర్‌వైజరు ఒప్పుకుంటే వాడుకోవచ్చునని రూల్సుగారు చెప్పాడు. సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. కొత్తగా వచ్చిన ఇద్దరికి పని నేర్పే మనిషి కావాలి. సరే, డబ్బే ఇవ్వమంది ఆవిడ. జీతం లేకుండా సెలవు పెట్టడానికి కొలిమి వాళ్లకి వీలుందా అని రూల్సుగారిని అడిగింది. పదిహేను రోజుల దాకా ఉంది, మేస్త్రీలందరి పైన ఉండే కొలిమి పెద్ద సంతకం చేస్తే.

మర్నాడు గేటు దగ్గర తాళంచెవి ఇస్తూ చెప్పింది, నా రోజులకి వచ్చే డబ్బుంది, మీ రోజులకి పోయే డబ్బు అందులోంచి పెట్టుకుందాం, మీరు సెలవు పెట్టండి అని. ఆయన నీళ్లు నమిలాడు. జీతం వదులుకుని సెలవు పెట్టడం ఆయన ఇంటావంటా లేదు. అంత డబ్బు చేతికొస్తే ఇంటి కప్పు బాగుచేయించుకోవచ్చు, చిన్నవాడికి ఏదైనా కొనివ్వొచ్చు అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకే చూసింది. వెనక జనం తోసుకుంటున్నారు. సరే పెడతాలే అన్నాడు ఆయన.

ఆ తర్వాత జరిగింది ఆవిడకి వసపిట్ట చెప్పింది. వసపిట్టకి కొలిమి దగ్గర పనిచేసే తమ్ముడు చెప్పాడు. మేస్త్రీ పధ్నాలుగు రోజులకి చీటీ పెట్టాడు. చీటీలో కారణం రాయాల్సిన గడి ఒకటుంటుంది. అందరూ జ్వరమనో, బంధువుల ఇంట్లో పెళ్లనో రాస్తారు. ఈయన గుండ్రటి అక్షరాలతో 'భార్యతో ఉండడానికి' అని రాశాడు. కొలిమి పెద్ద దాన్ని పైకి చదివాడు, పదిమందీ నవ్వుతారని. కొందరు నవ్వారు కూడా. మేస్త్రీ తల దించుకోలేదు, అలాగే నిలబడ్డాడు. పెద్ద కాసేపు చీటీ వైపు చూసి, పధ్నాలుగు కొట్టేసి తొమ్మిది అని రాసి సంతకం చేశాడట.

తొమ్మిది రోజులు. ఆవిడ ఆ అంకెని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

ఆఖరి రోజున బల్ల దగ్గర వాళ్లు ఒక గాజు గ్లాసుల జత ఇచ్చారు. వసపిట్ట నోట మాట రాలేదు, అది చూసి అందరికీ ఏడుపొచ్చింది. వారం తిరక్కుండా టైమాఫీసులో సంతకం పెట్టి డబ్బు తీసుకుంది. పైసాతో సహా సరిపోయింది. ఆ పావు రోజుది కూడా రూల్సుగారు విడిగా గీత గీసి చూపించాడు.

బస్సులో ఆరు గంటల ప్రయాణం. ఏటి ఒడ్డున చిన్న ఊరు. ఒక ముసలావిడ తన ఇంటి మేడమీద గది అద్దెకిస్తుంది. ఒక మంచం, ఒక స్టవ్వు, ఏటి వైపు ఒక కిటికీ. ఆయన గదిలోకి రాగానే చేసిన మొదటి పని, తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టడం. పెట్టాక ఇద్దరూ దాని వైపు చూశారు. ఎవరూ ఎక్కడికీ వెళ్లేది లేదు.

కానీ ఒంటికి ఉన్న అలవాటు అంత తేలిగ్గా వదల్లేదు. పొద్దెక్కేసరికి ఆయనకి కళ్లు మూతలుపడేవి. పొద్దువాలేసరికి ఆవిడ తూగేది. మొదటి మూడు రోజులూ అలాగే గడిచాయి. ఆయన నిద్రపోతుంటే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, ఒక్కొక్క రోజూ వెళ్లిపోతుంటే చూస్తూ ఉండేది. ఇంత దూరం వచ్చి కూడా మళ్లీ ఎదురుపడడమేనా అని ఉసూరుమనిపించేది.

పైగా ఒకరి సంగతులు ఒకరికి తెలియవు. ఆయన టీలో రెండు చెంచాల చక్కెర వేసి ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ చక్కెర మానేసి ఆరేళ్లయింది. ఏమీ అనకుండా తాగేసింది. ఆయన బట్టలు ఉతుకుతూ సన్నగా కూనిరాగం తీస్తాడని ఆవిడకి తెలియదు. ఆ పాట ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, కొలిమి దగ్గర నిద్ర రాకుండా పాడుకునేదే అన్నాడు. ఎన్నాళ్లుగా అంటే, చిన్నవాడు పుట్టినప్పటి నుంచీ అన్నాడు. వాడికిప్పుడు ఇరవై ఒకటి. ఆ పాట మొత్తం మళ్లీ పాడమంది. ఆయన సిగ్గుపడి పాడలేదు. బకెట్టు తీసుకుని కిందికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ఆయన పంతం పట్టాడు. పగలు పడుకోనని ఏటి ఒడ్డు వెంట నడుస్తూనే ఉన్నాడు, ఆవిణ్ణి వెంటేసుకుని. కళ్లు ఎర్రబడ్డాయి, అడుగులు తడబడ్డాయి. కాసేపు పడుకోండి, పంతాలెందుకు అని ఆవిడ బతిమాలింది. ఆయన వినలేదు. దారిలో ఒక చోట గట్టు ఎక్కడానికి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. ఎక్కాక కూడా తీయలేదు. ఆవిడ ఎడమ వైపున నడుస్తోంది.

ఆరో రోజు పొద్దున్న ఆవిడకి మెలకువ వచ్చి పక్కకి తిరిగేసరికి ఆయన కళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"ఎంతసేపైంది లేచి?" అని అడిగింది.

"ఇప్పుడే. నువ్వు?"

"ఇప్పుడే."

ఇద్దరూ లేవలేదు. టీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కింద ముసలావిడ వాకిలి ఊడుస్తున్న చప్పుడు, ఏటి మీద పడవ మోటారు చప్పుడు విన్నారు. ఎండ కిటికీలోంచి జరిగి మంచం మీదికి వచ్చింది. ఆ వెలుగులో ఆవిడ ఆయన మొహాన్ని తీరిగ్గా చూసింది. కనుబొమ్మ కింద కొలిమి నిప్పురవ్వ పడిన చిన్న మచ్చ. ఇదెప్పుడైంది అని వేలితో తాకింది. పదేళ్లయిందన్నాడు. నాతో చెప్పలేదే అంది. గేటు దగ్గర ఆ రోజు పెద్దదాని పరీక్ష ఫీజు గురించి మాట్లాడుకున్నాం, ఇది చెప్పడానికి వేళ కుదరలేదు అన్నాడు. ఆవిడకి కళ్లు చెమర్చాయి. ఇంక ఏమేం చెప్పలేదో ఇప్పుడు చెప్పండి అంది. ఆయన ఆలోచించి, ఒకటొకటిగా చెప్పడం మొదలుపెట్టాడు.

అలాంటి పొద్దులు మొత్తం నాలుగు దొరికాయి. పదో రోజున బస్సెక్కారు. దారిలో ఆయన, మళ్లీ ఏడాది నాకు ఇరవై ఒకటి జమవుతాయి అన్నాడు.

ఇంటికొచ్చిన సాయంత్రమే ఆయన డ్యూటీకి వెళ్లాడు. కొలిమి ఎవరి కోసమూ ఆగదు. ఆయనకి ఇంకా మూడేళ్ల సర్వీసుంది. పగటి డ్యూటీ అడిగితే చూద్దామన్నారు. ఆ చూద్దాం ఇప్పటికీ చూద్దాంగానే ఉంది.

ఆవిడే గడియారం మార్చుకుంది. ఆయన వచ్చేసరికి వంట ముగించి ఉంచుతుంది. ఆయనకది రాత్రి భోజనం, ఆవిడ కూడా అప్పుడే తింటుంది. ఆయన పడుకునే గదికి మందపాటి దుప్పటి తెరగా కట్టింది. వీధిలో పిల్లలు అరిస్తే వెళ్లి బతిమాలి పంపేస్తుంది. ఉద్యోగం మానేసి ఈవిడ పగలంతా తలుపులు వేసుకుని ఏం చేస్తుందో అని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కుంటారు. ఆవిడ పట్టించుకోదు.

మొన్న ఒక మధ్యాహ్నం పెద్దది ఫోన్ చేసింది. అమ్మా, ఏం చేస్తున్నావ్, అంత మెల్లగా మాట్లాడుతున్నావేంటి అని అడిగింది.

"మీ నాన్న నిద్రపోతున్నారే. పక్కన కూర్చున్నాను."

"పక్కన కూర్చుని ఏం చేస్తున్నావ్?"

"చూస్తున్నాను," అంది ఆవిడ.